పేరున్న సీసా

తెనాలి నుంచి ఒక సోదరి ఉత్తరం రాశారు. వారి అల్లుడు పారిస్ నుంచి వస్తూ మామగారికని ఒక సీసా పట్టుకొచ్చాడట. ఎర్ర వైను. సీసా మీద ఒక కోట బొమ్మా, నోరు తిరగని ఒక పేరూ, ఒక సంవత్సరం అంకే వున్నాయిట. మామగారు మురిసిపోయి దాన్ని ముందుగదిలో అద్దాల బీరువాలో పెట్టించారు. అత్తగారు, అంటే ఉత్తరం రాసిన ఆవిడే లెండి, మర్నాడు పొద్దున్నే దాన్ని తీయించి సామాన్ల గదిలో బియ్యం డబ్బా వెనక్కి చేర్పించారు. "అల్లుడు తెచ్చిన వస్తువు పారబొయ్యడానికి మనసొప్పదు. నలుగురూ వచ్చేచోట పెట్టడానికి అసలే ఒప్పదు. ఇంతకీ ఇదీ సారాయీ ఒకటేనా, కాదా? దీని ఖరీదు ఫలానా అని అమ్మాయి చెబితే నాకు నోట మాట రాలేదు. ద్రాక్షపళ్ళ రసానికి అంత ధర ఏమిటండీ?" అని వారి ప్రశ్న.

మొదటి ప్రశ్నకి జవాబు చిన్నది. సారాయిని కాచి, ఆవిరిని చల్లార్చి దింపుతారు. వైనుని కాచరు, పులియనిస్తారు. అంచేత సారాయిలో వున్నంత ఘాటు వైనులో వుండదు. సాధారణంగా నూటికి పన్నెండు నుంచి పధ్నాలుగు పాళ్ళు. కాని ఆ పన్నెండు పాళ్ళూ అదే పదార్థం. అది పారిస్ నుంచి వచ్చిందా, పక్కవీధి నుంచి వచ్చిందా అని కాలేయం విచారించదు. ఇంతవరకూ తాగితే ఏ ప్రమాదమూ లేదని చెప్పడానికి హద్దంటూ ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో తేల్చి చెప్పింది. ఫ్రెంచివాళ్ళు కూడా ఈ సంగతి నెమ్మదిగానే తెలుసుకున్నారు. బడిపిల్లల మధ్యాహ్న భోజనంలో వైను పొయ్యడం వాళ్ళు పధ్నాలుగేళ్ళలోపు పిల్లలకి మానింది 1956లో. పెద్ద పిల్లలకి కూడా పూర్తిగా మానింది 1981లో! నేను పుచ్చుకోను. పుచ్చుకోమని ఎవరికీ చెప్పను. ఇంతటితో ఆ ప్రశ్న సరి.

రెండో ప్రశ్న మాత్రం నాకు ఇష్టమైన ప్రశ్న. రసానికి అంత ధర ఏమిటి?

ముందు రసం సంగతి చూద్దాం. మీ చిన్నతనంలో ఇంట్లో ద్రాక్షారిష్టం సీసా వుండేదా? అజీర్తి అన్నా నీరసం అన్నా అమ్మమ్మ రెండు చెంచాలు పోసేది. దాన్ని చేసే పద్ధతి ఏమిటంటే, ఎండుద్రాక్ష కషాయంలో బెల్లం కలిపి, ధాతకీ పుష్పాలు వేసి, కుండ మూతికి మట్టిగుడ్డ చుట్టి నెలరోజులు కదపకుండా వుంచుతారు. ఆ నెలరోజులూ కుండలో జరిగేది పులియడమే. అరిష్టాలూ ఆసవాలూ అన్నిటిలోనూ తనంత తానుగా పుట్టిన మత్తు కొంచెం వుంటుంది. సీసా మీద చీటీ శ్రద్ధగా చదివితే తయారుచేసినవాళ్ళే ఆ మాట రాస్తారు. మడి కట్టుకునే అమ్మమ్మ ఈ చీటీ చదవలేదు గాబట్టి బతికిపోయింది.

వైనుకి ఆ బెల్లం కూడా అక్కర్లేదు. కషాయం అక్కర్లేదు. పండిన ద్రాక్షని చితకగొట్టి తొట్టిలో పోస్తే చాలు. పాలకి తోడు వెయ్యాలి. ద్రాక్షకి తోడు దాని తొక్క మీదా, ఆ తొట్టి వున్న కొట్టంలోనూ ముందే వుంటుంది. ఈస్టు అనే కంటికి కనపడని జీవాలు. అవి రసంలోని చక్కెరని తింటాయి; అందులోంచి ఆల్కహాలూ, బొగ్గుపులుసు గాలీ పుడతాయి. లీటరు రసంలో ఇంచుమించు 17 గ్రాముల చక్కెర ఖర్చయితే నూటికొక పాలు ఆల్కహాలు తయారవుతుంది. ఇవాళ చాలామంది ప్యాకెట్టులో దొరికే ఈస్టునే వేస్తున్నారు. పాతకాలపువాళ్ళు కొంతమంది తోటలో దొరికిందే చాలునంటారు. ఈ రహస్యం విప్పినవాడు లూయీ పాశ్చర్. ఫ్రెంచి వైన్లు పీపాల్లోనే చెడిపోతుంటే కారణం కనుక్కోమని మూడో నెపోలియన్ చక్రవర్తి 1863లో ఆయనకి పురమాయించాడు. మెల్లగా వేడిచేస్తే చెడగొట్టే జీవాలు చస్తాయని ఆయన కనిపెట్టి 1866లో వైను మీద పెద్ద గ్రంథమే రాశాడు. మన పాల ప్యాకెట్టు మీద వుండే "పాశ్చరైజ్డ్" అన్న ముక్కకి మూలం పాలు కాదు, వైను!

వైను ద్రాక్ష మనం హైదరాబాదులో బండి మీద కొనుక్కునే అనాబ్-ఎ-షాహీ లాంటిది కాదు. చిన్నగా, రేగిపండుకన్నా చిన్నగా వుంటుంది. తొక్క మందం, గింజలెక్కువ, తీపి మరీ ఎక్కువ. నల్ల ద్రాక్షలో కూడా రసం తెల్లగానే వుంటుందన్నది చాలామందికి తెలియదు. రంగంతా తొక్కలో వుంది. అంచేత తెల్లవైను చెయ్యాలంటే ముందు పిండి, రసం ఒక్కటే పులియబెడతారు. ఎర్రవైనుకి తొక్కలూ గింజలతో సహా పులియబెట్టి, పైకి తేలిన తొక్కల తెప్పని రోజూ కిందికి తొక్కుతూ వారమో రెండు వారాలో వుంచి, ఆపైన పిండుతారు. తొక్కలోంచి రంగుతోపాటు వగరు కూడా దిగుతుంది. ఎక్కువసేపు మరిగిన టీడికాషనులో వుండే వగరులాంటిదే. ఈ వగరే మంచి వైనుని పదేళ్ళూ ఇరవయ్యేళ్ళూ నిలవ వుంచేది. కొత్త ఆవకాయ నోరు పీకుతుంది, ముక్క వూరాక దారికొస్తుంది; ఇదీ అంతే.

తరవాత ఓక్ చెక్క పీపాలు. బోర్డోలో పీపాకి 225 లీటర్లు, అంటే 300 సీసాలు. పీపాలో ఏడాదో రెండేళ్ళో వుంచి, అడుగున దిగిన మడ్డిని వదిలేసి పైది తేరుస్తారు. తేర్చడానికి పూర్వం నుంచీ బోర్డోవాళ్ళు వాడేది గుడ్డులోని తెల్లసొన. పీపాకి అయిదో ఆరో గుడ్లు. మిగిలిన పచ్చసొనలతో అక్కడ మిఠాయిలు చేస్తారు. మా ఇంట్లో ఈ సంగతి చెప్పగానే, "ఇంకేం, ఏకాదశినాడు పుచ్చుకోండి!" అంది మా ఆవిడ.

సీసాకి బిరడా బెండుతో వేస్తారు. అది పోర్చుగల్లో విరివిగా పెరిగే ఒక రకం ఓక్ చెట్టు బెరడు. తొమ్మిదేళ్ళకోసారి ఒలుస్తారు, చెట్టు చావదు. ఆ బిరడా ఎండిపోతే గాలి దూరి వైను వెనిగరు అవుతుంది, అంచేత సీసాని పడుకోబెట్టి వుంచుతారు. చల్లని చీకటి నేలమాళిగలో వుంచుతారు. సోదరిగారికి ఒక మాట: మే నెలలో మీ సామాన్ల గదిలో నిలబెట్టి వుంచితే, ఆ సీసాని గురించి మీరూ మీవారూ ఎక్కువకాలం తగువులాడవలసిన అవసరం రాదు.

చెప్పొచ్చేదేమిటంటే, ఇందులో మహా విద్య అంటూ ఏమీ లేదు. ద్రాక్షే చాలాపని చేసుకుపోతుంది. మరి ధర? ఆ ధర నాకు ఒక రోడ్డు మీద నిలబడితేగాని బోధపడలేదు.

మా మేనల్లుడు లియోన్‌లో వుద్యోగం చేస్తున్న రోజుల్లో ఒక సెప్టెంబరులో వాడింట్లో పదిరోజులున్నాను. ఒకనాడు కారులో ఉత్తరంగా బర్గండీ తీసికెళ్ళాడు. అదొక పొడుగాటి కొండవాలు. యాభై కిలోమీటర్ల పొడవు, వెడల్పు మాత్రం నడిచి దాటెయ్యచ్చు. ద్రాక్ష అంటే పందిళ్ళు వుంటాయని నా వూహ. అక్కడ పందిరి లేదు. నడుము ఎత్తు పొదలు, తీగలకి కట్టి, బారులు తీర్చి వున్నాయి. మధ్యమధ్య మోకాలెత్తు రాతిగోడలు. పళ్ళు కోసేవాళ్ళు నడుములు వంచి, వరికోతల్లోలాగే వరసగా పోతున్నారు.

"మావయ్యా, ఈ రోడ్డు చూశారా? కుడిపక్క పల్లపు పొలంలో వైను నాబోటిగాడు కొనుక్కోగలడు. ఎడమపక్క కొంచెం మెరక, అది పండక్కి కొనుక్కుంటాను. ఆ పైన గోడా, రాతి శిలువా కనబడుతోందే, దాని సీసా కొనాలంటే నా ఆర్నెల్ల జీతం."

"ద్రాక్ష వేరా?"

"అదే ద్రాక్ష. పీనో నువార్. మొక్క అదే, చేసే పద్ధతీ అదే."

ఆ శిలువ వున్న చెక్క పేరు రొమనే-కోంతి. మొత్తం నాలుగున్నర ఎకరాలు. ఏడాదికి అయిదారువేల సీసాలు; ప్రపంచంలోని డబ్బున్నవాళ్ళంతా వాటికోసం కాచుకుని వుంటారు. తోటలోకి దిగవద్దని బోర్డు కూడా పెట్టారు. నేను గోడ మీంచి చూశాను. మట్టిలో నాకేమీ విశేషం కనబడలేదు. కాని వాలులో నడిమి భాగం అది; నీరు నిలవదు, పొద్దున్నే ఎండ తగులుతుంది, సున్నపురాయి పైకే వుంటుంది. ఈ తేడాలన్నీ కనిపెట్టింది సన్యాసులు. 1098లో పక్కనే సితో అనే చోట మఠం పెట్టిన క్రైస్తవ సన్యాసులు వందల ఏళ్ళు ఈ కొండవాలు సాగుచేసి, ఏ మడిలో పండిన రసం ఎట్లా వుంటుందో గురుతు పెట్టుకున్నారు. మట్టి నోట్లో వేసుకుని రుచి చూసేవారని కూడా కథ చెబుతారు. వాళ్ళు గోడ కట్టిన తోట ఒకటి, క్లో ద వూజో, ఇప్పటికీ వుంది. నూట పాతిక ఎకరాలు. ఫ్రెంచి విప్లవంలో మఠం ఆస్తి స్వాధీనం చేసుకుని వేలం వేశారు; ఆ తరవాత 1889 దాకా ఒకే యాజమాన్యం కింద వుండి, ఆపైన ముక్కలైంది. ఇప్పుడు ఎనభైమంది దాకా హక్కుదార్లు! కొందరికి నాలుగు బారుల ద్రాక్ష మాత్రమే. నెపోలియన్ చట్టం ప్రకారం పిల్లలందరికీ భాగం రావాలి గనక, పంపకాల మీద పంపకాలు. గోదావరి జిల్లావాళ్ళకి ఈ కథ నేను వివరించనక్కర్లేదు.

ఆ దగ్గర్లోనే బోన్ అనే వూళ్ళో 1443లో కట్టిన ధర్మాసుపత్రి వుంది. రంగురంగుల పెంకులతో దాని కప్పు చూసి తీరాలి. భక్తులు మన గుళ్ళకి మాన్యాలు రాసినట్టు, అక్కడివాళ్ళు ఆ ఆసుపత్రికి ద్రాక్షతోటలు రాసిచ్చారు. 1859 నుంచీ ఏటా నవంబరులో ఆ వైన్లని వేలం వేసి ఆసుపత్రికి ఖర్చు పెడతారు. రోగులకి మందు ఎక్కణ్ణించి వస్తోందని మాత్రం అడక్కండి.

అయితే పేరున్న పొలం వుంటే చాలా? చాలదు. ఆశ చంపుకోవాలి. మంచి వైను చేసేవాడు పచ్చిగుత్తులు సగం తుంచి పారేస్తాడు, మిగిలిన సగానికి సారం దక్కాలని. ఈ సంగతిలో సోటెర్న్ గ్రామంవాళ్ళని మించినవాళ్ళు లేరు. బోర్డోకి దక్షిణాన వుంది ఆ వూరు. అక్కడ రెండు ఏర్లు కలుస్తాయి. ఒకటి చల్లటిది, రెండోది వెచ్చటిది. అంచేత ఆకురాలు కాలంలో పొద్దున్నే మంచుపొగ కమ్ముతుంది, మధ్యాహ్నానికి ఎండ కాస్తుంది. ఆ తడికి పండిన ద్రాక్ష మీద బూజు పడుతుంది. తక్కినవాళ్ళు బూజు పట్టిందని నెత్తీ నోరూ కొట్టుకుంటే, వీళ్ళు అది పట్టాలని మొక్కుకుంటారు. బూజు తొక్కకి చిల్లులు పెడుతుంది, నీరు ఆవిరైపోతుంది, తేనెలాంటి సారం మిగులుతుంది. కాని బూజు గుత్తి అంతటికీ ఒక్కసారి పట్టదు. అంచేత కోసేవాళ్ళు ఒకే చెట్టు దగ్గరికి మళ్ళీ మళ్ళీ వస్తారు, ఒక్కొక్క పండే చూసి కోస్తారు. అక్కడి షాతో దికెమ్ అనే తోటలో ఒక చెట్టుకి ఒక్క గ్లాసు వైను. ఒక్క గ్లాసు! వాన పడితే అదీ లేదు. 2012లో పంట తమ పేరుకి తగినట్టు లేదని ఆ తోటవాళ్ళు ఆ యేడు తమ పేరుతో వైనే విడుదల చెయ్యలేదు. అట్లా మానుకున్న సంవత్సరాలు వాళ్ళ లెక్కలో చాలా వున్నాయి. అక్కడ ఏడాది రాబడికన్నా సీసా మీది పేరు ఎక్కువ.

నురగలు కక్కే షాంపేన్ గురించి రాయకపోతే మా పక్కింటి అబ్బాయి ఒప్పుకోడు. వాడు సినిమాల్లో చూశాడు. సిద్ధమైన వైనులో కొంచెం చక్కెరా ఈస్టూ వేసి సీసాలోనే బిరడా బిగిస్తే, గాలి పైకి పోలేక రసంలో ఇంకిపోతుంది. సీసాలో వొత్తిడి మామూలు గాలికి ఆరు రెట్లు. డోం పెరిన్యోన్ అనే సన్యాసి దీన్ని కనిపెట్టాడంటారు గాని, పాపం ఆయన కాలమంతా బుడగలు రాకుండా చూడడానికే పాటుపడ్డాడు. చనిపోయిన ఈస్టు మడ్డి సీసాలోనే మిగిలిపోవడం వీళ్ళకి పెద్ద చిక్కుగా వుండేది. దాన్ని తీర్చింది ఒక వితంతువు. ఇరవై ఏడేళ్ళకి, 1805లో భర్త పోతే, వ్యాపారం మూసెయ్యకుండా తానే నడిపిన శ్రీమతి క్లికో. చిల్లులున్న బల్లలో సీసాలు తలకిందులుగా గుచ్చి, రోజూ కాస్త కాస్త తిప్పుతుంటే మడ్డి అంతా మూతి దగ్గరికి చేరుతుందని ఆవిడ కొట్లో కనిపెట్టారు. "వితంతువు" అన్న మాట ఇవాళ్టికీ ఆ సీసా మీద ఘనంగా అచ్చువేస్తారు. మన దేశంలో ఆ కాలపు వితంతువుల సంగతి తలచుకుంటే మనసు ఎట్లాగో అవుతుంది.

ఇక పేరు కోసం పడిన తగువుల కథ. ధరలో పెద్ద భాగం దీనిదేనని నా అభిప్రాయం.

1860 తరవాత దక్షిణ ఫ్రాన్సులో తోటలు ఎందుకో ఎండిపోవడం మొదలెట్టాయి. 1868లో ప్లాంషోన్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు వేళ్ళు తవ్వి చూస్తే పసుపుపచ్చని పురుగులు. మన రైతులు పేనుబంక అంటారే, ఆ జాతిదే, పేరు ఫిలక్సెరా. అమెరికా నుంచి తెచ్చిన మొక్కలతో వచ్చింది. ముప్ఫయ్యేళ్ళలో ఫ్రాన్సు తోటల్లో చాలాభాగం నాశనం చేసింది. పొలాలు ముంచారు, మందులు దించారు, లాభం లేకపోయింది. ఆఖరికి విరుగుడు కూడా అమెరికాలోనే దొరికింది. అక్కడి ద్రాక్ష వేళ్ళు ఆ పురుగు కాటుకి తట్టుకుంటాయి. అంచేత అమెరికా వేరు మీద ఫ్రెంచి కొమ్మ అంటు కట్టారు. అంటుమామిడి ఎరిగిన మనకి ఇందులో వింత లేదు గాని, వాళ్ళకి అది కులం చెడిపోయినంత బాధ. మన రొమనే-కోంతివాళ్ళు అంటు కట్టనని 1945 దాకా మొండికేశారు. ఆ ఆఖరి పంట ఆరువందల సీసాలు. అందులో ఒకటి 2018లో న్యూయార్కు వేలంలో 5,58,000 డాలర్లకి పోయింది. ఇక దాన్ని తాగేదెవరు!

తోటలు పోయినా తాగేవాళ్ళు పోలేదు కదా. ఎండుద్రాక్ష నానబెట్టిన నీళ్ళూ, చక్కెరనీళ్ళూ, రంగూ కలిపి "వైను" అని అమ్మడం మొదలెట్టారు. తోటలు మళ్ళీ కాపుకొచ్చేసరికి కల్తీ సరుకు పాతుకుపోయింది. పైగా ఆల్జీరియా నుంచి చవక సరుకు దిగుతోంది. అసలు వైనుకి ధర లేదు. 1907లో దక్షిణాది రైతులు తిరగబడ్డారు. వాళ్ళ నాయకుడు మార్సెలిన్ ఆల్బేర్, ఒక పల్లెటూళ్ళో కాఫీహోటలూ కొద్దిపాటి తోటా వున్నవాడు. ఆ జూన్ 9న మోంపెలియే వూళ్ళో చేరిన జనం అయిదు లక్షలకి పైమాటేనంటారు. నార్బోన్‌లో సైన్యం కాల్పులు జరిపితే ప్రాణాలు పోయాయి. జనం మీదికి తుపాకి ఎత్తమని ఒక పటాలం తిరగబడింది కూడా. ఆల్బేర్ రహస్యంగా పారిస్ వెళ్ళి ప్రధాని క్లెమెన్సోని కలుసుకున్నాడు. ప్రధాని మాటల్లో పెట్టి, రైలు ఖర్చులకని వంద ఫ్రాంకుల నోటు చేతిలో పెట్టాడు. పెట్టి, ఆ సంగతి పత్రికలవాళ్ళకి చెప్పాడు! అంతటితో పాపం ఆల్బేర్ పరువు గంగలో కలిసింది. ఇట్లాంటి రాజకీయం మనవాళ్ళే చేస్తారనుకుంటాం. కాని కల్తీని అరికట్టే చట్టం మాత్రం ఆ నెలలోనే వచ్చింది. నాలుగేళ్ళకి, 1911లో షాంపేన్ రైతులు కూడా బయటి సరుకు తెచ్చి తమ వూరి పేరు పెడుతున్నారని వర్తకుల కొట్ల మీద పడ్డారు.

ఈ గొడవల్లోంచి పుట్టిందే 1935 నాటి ఫ్రెంచి చట్టం. ఏ వూరి పేరు పెట్టాలంటే ఏ సరిహద్దుల్లో పండాలి, ఏ రకం ద్రాక్ష, ఎకరానికి ఎంతకు మించి తియ్యకూడదు, అన్నీ రాసి పెట్టారు. అందుకే ఫ్రెంచి సీసా మీద చాలామట్టుకు ద్రాక్ష పేరు వుండదు, వూరి పేరు వుంటుంది. మొట్టమొదట ఈ హోదా వచ్చిన వూళ్ళలో షాతోనెఫ్-దు-పాప్ ఒకటి. ఆ వూరివాళ్ళకి సరిహద్దుల పట్టింపు ఎంతంటే, 1954లో ఎగిరేపళ్ళాల పుకార్లు వచ్చినప్పుడు, ఎగిరేపళ్ళాలు తమ తోటల్లో వాలకూడదని మేయరు వుత్తరువు వేశాడు. ఒక్కటీ వాలలేదు కూడా!

ఇటలీవాళ్ళు ఈ విషయంలో ముందే మేలుకున్నారు. కియాంతి అనే వైను పేరు ఎక్కడెక్కడ పండినదానికి చెల్లుతుందో ఫ్లోరెన్సు ప్రభువు మూడో కోసిమో 1716లోనే శాసనం చేశాడు. ఆ సీసా మీద వుండే నల్లకోడి పుంజు వెనక ఒక కథ వుంది. ఫ్లోరెన్సుకీ సియెనాకీ సరిహద్దు తగువు. కోడి కూయగానే రెండు వూళ్ళ నుంచీ ఒక్కొక్క రౌతు బయల్దేరాలి, కలుసుకున్నచోట హద్దు. సియెనావాళ్ళు తమ తెల్లకోడిని బాగా మేపారు, అది హాయిగా నిద్రపోయింది. ఫ్లోరెన్సువాళ్ళు నల్లకోడిని పస్తులుంచారు. అది ఆకలికి తెల్లవారకుండానే కూసింది. రౌతు సియెనా గుమ్మం దాకా వెళ్ళిపోయాడు! కథే అనుకోండి. పుంజు మాత్రం సీసా మెడ మీద వుంది.

ఇటలీ రకాల్లో నాకు ముచ్చటగా తోచింది వెరోనా దగ్గరి అమరోనే. కోసిన గుత్తుల్ని అటకల మీద తడకలు పరిచి మూడు నాలుగు నెలలు నీడన ఆరబెడతారు. బరువు మూడోవంతు తగ్గిపోతుంది. అంటే ఒరుగులు పెట్టి, ఆ ఒరుగుల్ని పిండుతారన్నమాట. చలికాలం గాలి కాస్త తడిగా వుంటే చాలు, అటకంతా బూజు. ఇక్కడి బూజు సోటెర్న్ బూజు కాదు, దరిద్రపు బూజు. ఉత్తరాన బరోలో అనే వూరి వైనైతే కోత కోశాక మూడేళ్ళ పైచిలుకు, చట్టప్రకారం 38 నెలలు, ఆగాలి. ఆ మూడేళ్ళూ పెట్టుబడి నిద్రపోతుంది.

ఫ్రాన్సులో వచ్చినట్టి పేర్ల చట్టం ఇటలీలో దేశమంతటికీ 1963లో వచ్చింది. చట్టం మంచిదే, కాని చట్టానికి నాలిక లేదు. కియాంతి ఎర్రవైనులో తెల్లద్రాక్ష కూడా తప్పనిసరిగా కలపాలని నిబంధన పెట్టారు. దాంతో వైను పలచబడింది. 1385 నుంచీ ఈ వ్యాపారంలో వున్న ఆంతినోరి కుటుంబం ఇది గిట్టక, 1971 పంట నుంచి తిన్యనెల్లో అని వేరే పేరుతో తమ ఇష్టప్రకారం వైను చేశారు. చట్టం లెక్కలో అది మామూలు "భోజనపు వైను". బజారులో మాత్రం కియాంతికన్నా ఎక్కువ ధర. ప్రభుత్వం దిగొచ్చి ముప్ఫై అయిదేళ్ళకి, 2006లో, కియాంతి అసలు సీమలో తెల్లద్రాక్ష కలపనే కూడదంది.

అడుగు ధర సరుకులో మాత్రం ఏ పేరూ లేదు, ఏ కాపలా లేదు. 1986లో ఇటలీలో చవక వైను తాగినవాళ్ళు ఇరవైమందికి పైగా చచ్చిపోయారు, ఇంకా కొందరికి కళ్ళు పోయాయి. పలచటి వైనుకి ఘాటు ఎక్కించడానికి మిథైల్ ఆల్కహాలు కలిపారు. అంతకు రెండేళ్ళ క్రితమే దాని మీద పన్ను తీసెయ్యడంతో అది చవకైపోయింది. మన పత్రికల్లో కల్తీసారా చావులు అని చదువుతామే, ఆ విషం ఇదే. సోదరిగారు అడిగిన మొదటి ప్రశ్నకి ఇది ఇంకో జవాబు. చవగ్గా కల్తీ కలిపేవాడి చేతిలో సారాయీ వైనూ ఒకటే.

ఆ దెబ్బకి ఇటలీ వైన్లు కొనే దేశాలు వెనక్కి తగ్గాయి. తప్పు చెయ్యని రైతులు కూడా పీపాలు ముందు పెట్టుకుని కూర్చున్నారు. ఆ తరవాతే వాళ్ళు కాపలా గట్టి చేసుకున్నారు. ఇవాళ బరోలో, కియాంతి వంటి పెద్ద తరగతి ఇటలీ సీసాల మెడకి అంకె వేసిన ప్రభుత్వపు చీటీ అంటించి వుంటుంది. ఎవరైనా బంధువులు తెచ్చి చూపిస్తే ఆ చీటీ వుందో లేదో చూడండి. ఫ్రెంచి సీసా అయితే వూరి పేరు కింద చిన్న అక్షరాలతో హక్కు ప్రకటన వుంటుంది. వూరి పేరు ఎంత చిన్న వూరిదైతే సాధారణంగా ధర అంత పెద్దది; జిల్లా పేరుకన్నా గ్రామం పేరు, గ్రామం పేరుకన్నా చెక్క పేరు గొప్ప.

సీసా మీది సంవత్సరం వైను పోసిన ఏడాది కాదు, ద్రాక్ష కోసిన ఏడాది. బోన్‌లో కోతలు ఏ తేదీన మొదలయ్యాయో 1354 నుంచీ లెక్కలున్నాయి. ఆరువందల ఏళ్ళకి పైబడ్డ ఈ లెక్క చూసి పండితులు తేల్చిందేమిటంటే, 1988 నుంచీ కోతలు సగటున పదమూడు రోజులు ముందుకి జరిగాయి. ఎండలు ముదిరాయి. పండు త్వరగా తీపెక్కుతోంది, పులుపు తగ్గుతోంది. మొక్క కూడా తొందరపడి చిగురిస్తోంది. 2021లో మార్చి నెలాఖరు వెచ్చగా వుండేసరికి ఫ్రాన్సు తోటలన్నీ చిగుర్లు వేశాయి. ఏప్రిల్ మొదటివారంలో మంచు గడ్డకట్టింది. షబ్లీ కొండల మీద రైతులు బారుల మధ్య వేల మైనపు డబ్బాలు వెలిగించి, పెళ్ళాం పిల్లలతో సహా రాత్రంతా వొత్తులు సవరిస్తూ కాపలా కాశారు. దూరాన్నించి తీసిన ఫోటోలు చూస్తే కార్తీక దీపాల్లా వున్నాయి. అయినా ఆ యేడు దేశం మొత్తం మీద చాలా పంట పోయింది. 2021 అంకె వున్న షబ్లీ సీసాలు అందుకే తక్కువ.